చిన్న కెమెరా – చక్కని దృశ్యం

చలనచిత్రాన్ని తీయడం ఒకప్పుడు ధనవంతులకు మాత్రమే సాధ్యమైన పని. ముడిఫిలిం, దానిని శుద్ధిచేసే ప్రయోగశాల, భారీ దీపాలు, వాటిని మోసే మనుషులు – ఇవన్నీ సమకూరితేగాని ఒక్క దృశ్యం తెరకెక్కేది కాదు. 2008లో ఈ స్థితి మారడం మొదలైంది. నిశ్చలచిత్రాల కోసం రూపొందిన డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో ఆ ఏడాది నికాన్ డి 90, దాని వెంటనే కెనాన్ 5డి మార్క్ 2 వీడియోను కూడా చిత్రించగల శక్తితో వెలువడ్డాయి. 2010లో అమెరికా టెలివిజన్ ధారావాహిక ‘హౌస్’ ఆరవ సంపుటిలోని చివరి కథను ఈ రెండవ కెమెరాతోనే చిత్రించారు. అనతికాలంలోనే ప్రారంభశ్రేణి కెమెరాలకు సైతం ఆ సౌకర్యం అందింది. తెలుగునాట లఘుచిత్రాలు తీసే యువతరం వాటిని ఆదరంతో చేపట్టింది.

అయితే కెమెరా చేతికి వచ్చినంత మాత్రాన దృశ్యం అందగించదు. ముఖం నల్లబడిందనీ, ముక్కు పెద్దదిగా కనిపిస్తోందనీ, చర్మం పచ్చబారిందనీ కొత్తవారు తరచు కెమెరాను నిందిస్తారు. ఈ లోపాలలో అధికభాగం యంత్రానివి కావు.

మొదటిది ముఖం నల్లబడడం. తనంత తానుగా వెలుగును నిర్ణయించుకొనే స్థితిలో కెమెరా తన ఎదుట ఉన్న దృశ్యం మొత్తం మీద మధ్యస్థమైన బూడిదరంగు అని భావిస్తుంది. సున్నం వేసిన తెల్లగోడ ముందు చామనచాయ గల వ్యక్తిని కూర్చుండబెడితే, ఆ గోడ తెలుపును తగ్గించబోయి ముఖాన్ని చీకటిలోకి నెట్టివేస్తుంది. కన్నులు, పెదవుల కదలిక, నుదుటి ముడుతలు – అనగా భావాన్ని తెలిపే సమస్తమూ అక్కడే లుప్తమవుతుంది. ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు. ఫిలిం కాలంలో కోడాక్ సంస్థ ముద్రణశాలలకు పంపిన ‘షర్లీ కార్డు’లపై దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి యువతి ముఖమే. రంగుల ఒప్పిదాన్ని ఆ ముఖంతోనే సరిచూసేవారు. ద్రౌపదిని నల్లనిదైనందుననే ‘కృష్ణ’ అని పిలిచి, ఆమె సౌందర్యాన్ని వేనోళ్ళ కొనియాడిన సాహిత్యం మనది. అట్టి వర్ణాన్ని తెలుపుచేసి చూపడం అందం కాదు. దాని కాంతిని దానికి దక్కేలా చూడడమే చిత్రకారుని బాధ్యత. ఇందుకు చేయవలసింది స్వల్పమే. కెమెరాను మాన్యువల్ స్థితిలో ఉంచి, వెలుగును గోడను బట్టి గాక ముఖాన్ని బట్టి నిర్ణయించాలి. వ్యక్తిని గోడకు ఐదారడుగులు ముందుకు జరపాలి. వీలైతే ముదురురంగు నేపథ్యాన్ని ఎన్నుకోవాలి.

వెలుగు ఎంత అన్నదానికన్న ఎటునుండి వస్తున్నది అన్నదే ముఖ్యం. నడిమింటి సూర్యుని కింద నిలిచినవారి కంటిగుంతలలో నీడలు పేరుకొంటాయి. ఉదయపు నీరెండ, ఇంటి వసారా, తెరచిన కిటికీ – ఇవి ఖర్చులేని దీపాలు. వెలుగు వచ్చే తావు ఎంత విశాలమైతే నీడల అంచులు అంత మెత్తబడతాయి. కిటికీకి పలుచని తెల్లపంచె కట్టి, వ్యక్తిని దానికి కాస్త ఏటవాలుగా కూర్చుండబెట్టి, రెండవవైపున ఒక థర్మోకోల్ పలకను నిలిపితే చాలు. ముఖానికి వెలుగూ నీడా రెండూ అమరుతాయి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కల్పించిన వెన్నెలను ప్రేక్షకులు నేటికీ తలచుకొంటారు. ఆ వెన్నెలలో రంగులు లేవు, ఉన్నవి వెలుగునీడలు మాత్రమే.

ముక్కు పెద్దదిగా కనిపించడానికి కారణం దూరం. కెమెరాతో వచ్చే 18–55 మిల్లీమీటర్ల కటకాన్ని 18 వద్ద ఉంచి ముఖానికి దగ్గరగా వెళితే, ముందున్న ముక్కు ఉబ్బి వెనుకనున్న చెవులు కుంచించుకుపోతాయి. నాలుగడుగులు వెనుకకు జరిగి 55 వద్ద చిత్రిస్తే ముఖం తన సహజ ఆకృతిని పొందుతుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకం చవకైనదే అయినా నేపథ్యాన్ని మంచుతెరవలె మసకబార్చగలదు. కాని దాని ద్వారాన్ని పూర్తిగా తెరిస్తే ఒక కన్ను స్పష్టమై మరొకటి మసకబారే ప్రమాదముంది. అందుచేత ఎఫ్ 2.8 వరకు తగ్గించి, తెరపై కంటిని పెద్దదిచేసి చూసుకొని చేతితోనే ఫోకస్ కుదుర్చుకోవడం ఉత్తమం.

కదలిక సహజంగా ఉండాలంటే సెకనుకు 25 చట్రాలు, 1/50 సెకను షట్టర్ వేగం అనుకూలమైనవి. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కనుక అనేక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/50 సెకనులో సరిగా రెండు మినుకులు ఇముడుతాయి. కనుక తెరపై చారలు కదలాడవు. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్ కావడంవల్ల అక్కడివారు వ్రాసిన కొలతలను యథాతథంగా అనుసరించేవారికి ఈ చారలు తప్పకపోవచ్చు. పట్టపగలు ఇదే వేగంతో వెలుగు మితిమీరుతుంది. అప్పుడు చలువ కళ్ళద్దం వంటి ఎన్.డి. ఫిల్టర్‌ను కటకానికి తొడగాలి, లేదా చెట్టునీడను ఆశ్రయించాలి.

చర్మం పచ్చబారడానికి ట్యూబులైటూ, పగటి వెలుగూ కలిసిపోవడమే తరచు కారణం. ఒకదానిని ఆర్పి, తెల్లకాగితాన్ని చూపి వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే చాలు.

ఇక ధ్వని. కెమెరాలోని మైకు ఫంకా చప్పుడును కూడా వదలదు. మాట్లాడేవారి జేబులో ఒక సెల్‌ఫోనును రికార్డు చేస్తూ ఉంచి, ఆరంభంలో ఒకసారి చప్పట్లు కొట్టిస్తే, ఆ చప్పుడు ఆధారంగా తరువాత మాటను బొమ్మతో జతపరచవచ్చు. వృద్ధ కళాకారులను, ఇంటి పెద్దలను పలుకరించి వారి జ్ఞాపకాలను భద్రపరచేవారు మరొకటి గమనించాలి. కెనాన్ తొలితరం ప్రారంభశ్రేణి కెమెరాలలో ఒక దృశ్యఖండం 4 గిగాబైట్లకు చేరగానే, అనగా ఫుల్ హెచ్.డి.లో సుమారు 12 నిమిషాలకు, చిత్రణ తనంత తానే ఆగిపోతుంది. తరువాతి నమూనాలలో అనేకం 29 నిమిషాల 59 సెకన్లకు ఆగుతాయి. కనుక పెద్దవారు చెబుతున్న మాట సగంలో తెగిపోకుండా, ఒక ప్రశ్న ముగిసినచోట కెమెరాను తామే ఆపి, తిరిగి ప్రారంభించాలి.