మీకు తెలుసా? చక్రం తిప్పితే మోటారు జబ్బు తెలుస్తుంది

ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటారు మొరాయిస్తే, దాన్ని విప్పకుండానే లోపం ఎక్కడుందో చాలావరకు పట్టేయవచ్చు.

• మోటారు నుంచి మూడు లావు వైర్లు (ఫేజ్ వైర్లు) వస్తాయి. సాధారణంగా పసుపు, ఆకుపచ్చ, నీలం. బ్యాటరీ తీసేసి, వాటిని కంట్రోలర్ నుంచి విడదీసి, కొసలు ఒకదానికొకటి తగలకుండా ఉంచి చక్రం తిప్పండి. అప్పటిదాకా బిగపట్టిన చక్రం ఇప్పుడు తేలిగ్గా తిరిగితే తప్పు కంట్రోలర్‌ది. ఇంకా కుదుపులతో బిగుస్తుంటే మోటారు వైండింగో, దాని వైర్లో షార్ట్ అయి ఉండవచ్చు.

• ఇప్పుడు రెండేసి కొసలు కలిపి తిప్పండి. మూడు జతల్లోనూ చక్రం ఒకేలా మొండికేయాలి. రెండు జతల్లో తేలిగ్గా తిరిగిందా? ఆ రెండింట్లోనూ ఉన్న వైరే తెగినది.

• గేర్లున్న హబ్ అయితే చక్రాన్ని వెనక్కి తిప్పాలి. ముందుకు తిప్పితే లోపలి క్లచ్ వదిలేస్తుంది, మోటారు కదలదు.

• బండి వణికి ఆగిపోతోందా? ఫేజ్ వైర్లు బాగుంటే మోటారులోని హాల్ సెన్సర్లు చూడండి. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావమే వీటికి ఆధారం. వాటి కనెక్టర్ ఊడదీయకుండా, బ్యాటరీ తిరిగి పెట్టి ఆన్‌లో ఉంచి, సన్న నల్ల వైరుకూ ఒక్కో సిగ్నల్ వైరుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. చక్రం మెల్లగా తిప్పుతుంటే అంకె సున్నాకూ సుమారు 5 వోల్టులకూ మధ్య మారాలి. మారకపోతే ఆ సెన్సరో, దాని వైరో పోయినట్టే.

• ఇరుసు నట్టు వదులైతే ఇరుసే తిరిగి వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. అందుకే ముందు అక్కడ చూడండి. ఇరుసును తిరగనీయకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ బిగిస్తే ఆ బెడద తప్పుతుంది.