గడువు ఎక్కడ మొదలవుతుంది?

2007 నవంబరు 10, రెండో శనివారం. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ కార్యాలయానికి సెలవు. కాంట్రాక్టరుతో నడిచిన ఆర్బిట్రేషన్‌ (మధ్యవర్తిత్వం)లో వెలువడిన తీర్పును అవార్డు అంటారు; దాని ప్రతి ఆ రోజే ఆఫీసుకు చేరింది. అక్కడున్న కాపలాదారు పుచ్చుకున్నాడు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చేతికి అందింది మాత్రం సోమవారం, 12న. ఆ అవార్డును రద్దు చెయ్యాలని ప్రభుత్వం 2008 మార్చి 11న పిటిషన్ వేసింది. గడువు దాటిందంటూ హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ ఈ పిటిషన్‌కు మూడు నెలలు ఇస్తుంది. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు. ఆపైన ఒక్క రోజు కూడా ఇచ్చే అధికారం కోర్టుకు లేదు. నియమం ఇంత స్పష్టంగా ఉన్నా, ఈ హిమాచల్ టెక్నో ఇంజనీర్స్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010లో ఆ కోర్టు లెక్కను విడమరిచి చెప్పింది. సెలవు రోజున కాపలాదారుకు ఇస్తే కార్యాలయానికి అందినట్టు కాదు, కాబట్టి మొదలు 12వ తేదీ. అందిన రోజును లెక్కలోంచి తీసెయ్యాలి. మూడు నెలలంటే 90 రోజులు కాదు, క్యాలెండరు నెలలు. ఆ లెక్కన మూడు నెలలు ఫిబ్రవరి 12తో, అదనపు 30 రోజులు మార్చి 13తో ముగుస్తాయి. పిటిషన్ గడువులోనే పడింది.

ఇప్పుడు ఈ కేసును వకీలు గుమాస్తా డైరీలో ఊహించండి. అక్కడ ఉండేది ‘ఫిబ్రవరి 12’ అన్న ఒక్క మాట. దాని వెనకున్న మూడు నిర్ణయాలూ కాగితం మీద ఎక్కడా లేవు. ఆ తేదీ ఎలా వచ్చిందో రాసినవారికే తెలుసు, వారు సెలవులో ఉంటే ఎవరికీ తెలియదు. మన ఇళ్లలో తద్దినం తేదీ ఏటా మారుతుంది. పెద్దలు గుర్తుపెట్టుకునేది మాసం, పక్షం, తిథి. తేదీని పంచాంగం చూసి తీస్తారు. చట్టం పెట్టే గడువును కూడా అలాగే, తేదీగా కాక దాన్ని పుట్టించే సూత్రంగా దాచుకోవాలి.

కేసుల కాగితాలనూ గడువులనూ నమోదు చేసే డాకెటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గడువు లెక్కను గళ్లుగా, బాణాలుగా చూపే బొమ్మ (ఫ్లోచార్టు) చేరాక ఆ పని సులువైంది. పని జరిగే క్రమాన్ని బొమ్మగా గీసే పద్ధతిని ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఆలోచన అది. కోర్టు గడువుకు వచ్చేసరికి గడి అంటే జరిగిన సంఘటన, బాణం అంటే నియమం, వజ్రాకారం అంటే ప్రశ్న. ‘అవార్డు అందింది’ అన్న గడి నుంచి బయల్దేరిన బాణం ‘ఎవరికి అందింది? సెలవు రోజా?’ అన్న ప్రశ్న దగ్గర ఆగుతుంది. అది తేలాకే మూడు నెలల బాణం. దాని చివర ఇంకో ప్రశ్న: ఆఖరి రోజు కోర్టుకు సెలవా? అయితే కోర్టు తెరిచిన రోజున వెయ్యవచ్చు. అదనపు 30 రోజుల బాణం చివర మాత్రం ఈ ప్రశ్న ఉండకూడదు. ఆ వెసులుబాటు అక్కడ వర్తించదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఇలాంటి తేడా డైరీలో కనబడదు, బొమ్మలో దాక్కోలేదు.

కంప్యూటరు దృష్టిలో ఈ బొమ్మ వెనక్కి తిరగని బాణాల వల. ఒక గడిలో తేదీ మారితే దాని మీద ఆధారపడ్డ గళ్లన్నీ వరసగా మళ్లీ లెక్కకు వస్తాయి, మిగతావి కదలవు. కోవిడ్ కాలంలో దీని విలువ తెలిసింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కల్లోంచి మినహాయించాలని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించింది. సూత్రాన్ని దాచుకున్న చోట నియమాన్ని ఒకచోట మారిస్తే సరిపోతుంది. తేదీలు మాత్రమే ఉన్న డైరీలో ప్రతి కేసునూ మళ్లీ తెరిచి చూడాల్సిందే.

నా దృష్టిలో బొమ్మలో అన్నిటికన్నా విలువైనది, బయటికి బాణం లేని గడి. మామూలు సివిల్ దావాలో జవాబు దావాకు 30 రోజులు, పొడిగిస్తే 90. అరుదుగా, గట్టి కారణం ఉంటే ఆ తరవాత కూడా కోర్టు ఒప్పుకోవచ్చు. వాణిజ్య వివాదంలో మాత్రం సమన్లు అందిన 120 రోజులకు తలుపు మూసుకుంటుంది; బయటికి బాణం లేని గడి అదే. అది దాటిన జవాబును రికార్డులోకి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. పైకి ఒకేలా కనిపించే రెండు దావాలకు రెండు బొమ్మలు కావాలి.

ఏ సాఫ్ట్‌వేరూ మొదటి గడిని తనంతట తాను నింపదు. హిమాచల్ కేసులో 10 అని రాయాలా, 12 అని రాయాలా అన్నది మనిషి తేల్చాల్సిన విషయం. అనుమానం ఉంటే ముందు తేదీనే పట్టుకుని పని ముగించడం క్షేమం. కక్షిదారులకు ఒక మాట: కోర్టు నుంచి గానీ ఆర్బిట్రేటరు నుంచి గానీ ఏ కాగితం వచ్చినా కవరు పారెయ్యకండి. అందిన తేదీ, పుచ్చుకున్నవారి పేరు దాని మీదే రాసి, ఆ రోజే మీ వకీలుకు పంపండి.