గాలితుపాకి సంరక్షణము

గాలితుపాకి యాటవస్తువని పలువురు తలంతురు. అది పొరపాటు. దానినుండి వెలువడు సీసపుగుండు 4.5 మిల్లీమీటర్ల లావే యైనను, కంటికి దగిలినచో చూపు పోవును. కావున దానిని తుడువబూనినపుడు మొట్టమొదట గొట్టమును జనులులేని దిక్కునకు త్రిప్పి, లోపల గుండు లేదని స్వయముగా చూచుకొనవలయును. ఖాళీగానే యున్నదని మఱియొకరు చెప్పిన మాట చాలదు.

మేము సాధనకు వాడునది స్ప్రింగు తుపాకి. గొట్టమును వంచినపుడు లోపలి స్ప్రింగు ముడుచుకొని పిస్టను వెనుకకు పోయి నిలుచును. మీట నొక్కగానే స్ప్రింగు సాగి పిస్టనును ముందునకు నెట్టును. దాని యెదుటనున్న గాలి యిఱుకునబడి గుండును త్రోయును. ఇంతమాత్రము తెలిసినచో తక్కిన నియమములు సులభముగా బోధపడును.

గుండు లేకుండ కాల్చరాదు. గుండు అడ్డుగా నున్నపుడు ఇఱుకునబడిన గాలియే పిస్టను వేగమును తగ్గించును. అది లేనిచో గాలి తటాలున వెడలిపోయి పిస్టను ఎదుటి గోడకు గొట్టుకొనును. స్ప్రింగును వాషరును చెడును.

నూనె మితముగా వాడవలయును. ఒకసారి వేసవి సెలవుల పిమ్మట మాలో నొకడు, తుపాకికి మేలుచేయుదమని, గాలిగదిలో కొబ్బరినూనె పోసెను. కాల్చగానే పెద్ద చప్పుడై గొట్టమునుండి పొగ వెడలెను, వాషరు మాడిపోయెను. సైకిలు పంపు కొట్టునపుడు దాని కొన వేడెక్కుట మన మెఱుగుదుము. గాలిని వేగముగా నొక్కినచో వేడి పుట్టును. ఆ వేడియే నూనెయావిరిని మండించెను. డీజిలు యంత్రము పనిచేయు విధమును ఇదియే. కావున గాలిగదికి తయారుచేసినవారు చెప్పిన నూనెనే, చెప్పినంత మాత్రమే వేయవలయును.

చేతిచెమటలోని యుప్పు ఇనుమునకు త్రుప్పు పట్టించును. సాధన ముగియగానే పొడిగుడ్డతో తుడిచి, పిదప యంత్రపునూనె కొంచెము అద్దిన గుడ్డతో ఇనుపభాగములను తుడువవలయును. గొట్టములోపల గుండును గిఱ్ఱున త్రిప్పు సన్నని గాడులు గలవు. ఇనుపకడ్డీతో గోకినచో నవి చెడి గుఱి తప్పును. మెత్తని గుడ్డయే తగినది.

స్ప్రింగు బిగించి యుంచి తుపాకిని దాచరాదు. తుపాకిని తాళమువేసిన పెట్టెలోను, గుండ్లను వేఱొకచోటను ఉంచవలయును. సీసము విషము గనుక, గుండ్లు ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనకుండ భోజనము చేయరాదు.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు కాంస్యపతకము నార్జించెను. ఆ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అట్టి తుపాకులు స్ప్రింగుతో గాక, ముందుగా నింపిన గాలితో పనిచేయును. అయినను అంత సూక్ష్మమైన గుఱి, త్రుప్పుపట్టిన గొట్టమునుండి రాదు.

సోదర విద్యార్థులారా, కొబ్బరినూనె పోసిన యా మిత్రునికే తుపాకి తుడుచు పని నప్పగించితిమి. అతడిప్పుడు నూనెను బొట్టులు లెక్కించి వేయుచున్నాడు.