మూసారాంబాగ్‌లో రాముడెవరు?

చంపాపేట్ నుంచి ఎల్బీనగర్ వెళ్లి మెట్రో ఎక్కారనుకోండి. దిల్‌సుఖ్‌నగర్ దాటగానే వచ్చే స్టేషన్ మూసారాంబాగ్. మూసా అంటే ముస్లిం పేరు, రామ్ హిందువుల దేవుడు... ఈ రెండూ ఎలా కలిశాయా అని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? నిజానికి ఇక్కడ మూసా లేడు, రాముడూ లేడు. ఉన్నది ఓ ఫ్రెంచి సైనికుడి ఇంటిపేరు!

ఆయన మిషెల్ జోకిమ్ మరీ రేమండ్. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, వ్యాపారం కోసం పుదుచ్చేరికి వచ్చి, చివరికి కత్తి పట్టాడు. రెండో నిజాం అలీఖాన్ కొలువులో చేరి వేలమంది సిపాయిలకు యూరప్ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. ఫిరంగులు పోయించాడు. గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చింది ఆ ఫిరంగుల కార్ఖానా వల్లే.

ఫ్రెంచివాళ్లు మర్యాదకు పేరు ముందు 'మొస్యూ' అంటారు, మనం 'శ్రీ' అన్నట్టు. పైగా రేమండ్‌లో చివరి 'డ' వాళ్లు పలకరు. 'మొస్యూ రేమో' అన్నది మన నోళ్లలో నలిగి హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీం అయింది. ఎవరి చెవికి ఇంపైనట్టు వారు వినేశారు!

ఇంతకీ రేమండ్ అంటే? మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్లను బట్టి వస్తే, ఇది మొదట మనిషి పేరే. పాత జర్మానిక్ భాషల్లో 'రాగిన్' అంటే ఆలోచన, 'ముండ్' అంటే రక్షణ. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడా పాతుకుపోయి, ఇంటిపేరైంది. రేమెంట్ అనే ఇంగ్లిషు ఇంటిపేరూ దీని తమ్ముడే.

ఆలోచన చెప్పి కాపాడేవాడు... నిజాంకు ఆయన సరిగ్గా అదే! అందుకే ఇంగ్లిషువాళ్లకు కంట్లో నలుసయ్యాడు. 1798 మార్చి 25న హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారనీ చెప్పుకున్నారు. అదే ఏడాది నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకోవడం, అక్టోబరులో ఫ్రెంచి దళం చేత ఆయుధాలు దించేయించడం చకచకా జరిగిపోయాయి.

జనం మాత్రం ఆయన్ని వదల్లేదు. అస్మాన్‌గఢ్ గుట్ట మీది సమాధి దగ్గర వర్ధంతి రోజున కొబ్బరికాయలు కొట్టి, అగరొత్తులు వెలిగించిన కాలం ఉంది. పక్కనున్న స్తంభాల మండపం 2001లో కూలితే తర్వాత మళ్లీ కట్టారు. 23 అడుగుల ఆ రాతి స్తంభం మీద చెక్కింది మాత్రం రోమన్ లిపిలో రెండే అక్షరాలు: జె, ఆర్.