మందు - చేవ్రాత

చైతన్యపురిలో మెట్రో ఎక్కినవారు రైలు మారకుండానే ఎర్రగడ్డ చేరవచ్చును. కాని ఆ ఊరి పేరును మనవారు నేటికీ వెక్కిరింతగానే వాడుతున్నారు. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎందరి మనస్సులనో కుదుటపరచిన సంగతి ఆ నవ్వులో మరుగున పడుతున్నది. అట్టి చికిత్సలో వాడే మందులకు, విద్యార్థి చేవ్రాతకు గల సంబంధాన్ని వివరించుట మా ఉద్దేశం.

1952లో పారిస్ వైద్యులు డిలే, డెనికర్‌లు క్లోర్‌ప్రోమజైన్‌ను మనోరోగులకిచ్చి సత్ఫలితం పొందారు. పిమ్మట హాలోపెరిడాల్ వంటివి వచ్చాయి. ఇవి మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గించి, భ్రమలను, లేని మాటలు వినబడుటను అణచుతాయి. అయితే వేళ్ల కదలికను సాఫీగా నడిపేదీ ఆ డోపమినే. దాని పని మరీ తగ్గితే కండరాలు బిగుసుకొంటాయి, చేయి వణుకుతుంది, అక్షరాలు కుంచించుకొని పోతాయి. అప్పుడు తెలుగులో గుడికి, గుడిదీర్ఘానికి భేదం తెలియదు. ఉర్దూలో నుక్తాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

1950ల దశకంలో జర్మన్ వైద్యుడు హాసే ఈ మార్పునే కొలబద్దగా గ్రహించాడు. రోగిచేత మందుకు ముందు, తరువాత ఒకే వాక్యాలను వ్రాయించి పోల్చేవాడు. అక్షరం కొద్దిగా చిన్నదైతే మోతాదు చాలునని, అంతకు మించరాదని ఆయన మతం.

ఈ ఇబ్బంది తరచుగా మందు మొదలైన కొన్ని రోజులలో, వారాలలో కనబడుతుంది. వైద్యునికి చెప్పిన, మోతాదు తగ్గించుటో, మందు మార్చుటో చేస్తారు. క్లోజపిన్, క్వెటియాపిన్‌లతో ఈ బాధ తక్కువ. తనంతట తాను మందు మానుట మాత్రం తగదు, రోగం తిరగబెట్టవచ్చును.

ఇక మా సంగతి. కోడి కెలికినట్లున్న వ్రాతను చూచి ముఖం చిట్లించి మార్కులు కోసిన ఉపాధ్యాయులలో మేమూ ఉన్నాము. ఆ వ్రాత వెనుక సోమరితనమే ఉన్నదో, మందే ఉన్నదో ఏనాడూ విచారించలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా లెక్కలోనికి తీసుకొన్నది. వ్రాయుటకు ఇబ్బందిపడేవారికి, వైకల్యం 40 శాతం లోపు ఉన్నప్పటికీ, వైద్య ధ్రువపత్రంపై లేఖకుని సాయమును, గంటకు 20 నిమిషాల అదనపు కాలమును 2022లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు సూచించాయి. కళాశాల సంఘంవారు ఈ సంగతిని ప్రవేశ సమయంలోనే అందరికీ తెలిపి, అడిగినవారి గుట్టు కాపాడవలెనని మా మనవి.

విద్యార్థి మిత్రులారా! చేయి తడబడినంత మాత్రాన చదువు తడబడినట్లు కాదు. సంకోచింపక చెప్పండి.