పన్నెండు సెకన్లకో ప్రదక్షిణ: మైక్రోవేవ్ విశేషాలు

కాఫీ కప్పు పిడి మీ వైపు ఉండేలా పెట్టి 30 సెకన్లు వేడి చేయండి. తలుపు తీసేసరికి పిడి వెనకగోడ వైపు తిరిగి ఉంటుంది. చెయ్యి లోపలికి దూర్చి, కాలుతున్న కప్పుని పట్టుకోవడానికి తంటాలు పడతాం. కారణం చిన్నదే. చాలా ఓవెన్లలో గాజు పళ్లెం కింద ఉండే బుల్లి మోటారు మీద 5/6 అని అచ్చు వేసి ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 5 చుట్లు, 60 హెర్ట్జ్ మీద 6 చుట్లు అని దానర్థం. మనది 50 హెర్ట్జ్ కరెంటు. అందుకని మన పళ్లెం 12 సెకన్లకో ప్రదక్షిణ చేస్తుంది, అమెరికాలో 10 సెకన్లకే పూర్తి చేస్తుంది. 30 సెకన్లలో ఇక్కడ రెండున్నర చుట్లయి పిడి అటు పోతుంది, అక్కడ మూడు చుట్లయి ఇటే వస్తుంది. 24, 36, 48, 60 అని 12 ఎక్కం ప్రకారం పెట్టి చూడండి. పిడి మీ చేతికే అందుతుంది.

ఆ పళ్లెం ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకి తిరుగుతుంటే రిపేరు వచ్చిందని కంగారు పడక్కర్లేదు. ఆ మోటారుకి ఫలానా దిక్కు అంటూ లేదు. ఎటు వీలైతే అటు మొదలెడుతుంది.

*

హైదరాబాద్‌లో కొంపల్లి, సుచిత్ర వైపు అమెరికా నుంచి తిరిగొచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. సామానుతోపాటు అక్కడి ఓవెన్ కూడా తెచ్చుకుని, వోల్టేజీ తగ్గించే డబ్బా ఒకటి కొని తగిలిస్తారు. డబ్బా 230 వోల్టులను 120 చేస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. పాతరకం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్ అయితే మన కరెంటు మీద మితిమీరి వేడెక్కుతుంది. అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావడం మేలు.

*

వంటింటి మైక్రోవేవ్ తాత యుద్ధంలో పుట్టాడు. 1940లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శత్రువిమానాలను కనిపెట్టే రాడార్ కోసం, తరంగాలను పుట్టించే కొత్తరకం మాగ్నెట్రాన్ తయారుచేశారు. ఈ రోజు మన ఓవెన్‌లో గుయ్‌మనేది దాని సంతానమే. 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ ఆ మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉంటే జేబులోని మిఠాయి కరిగిపోయింది. తర్వాత మొక్కజొన్న గింజలు పెడితే పేలాలయ్యాయి. ఆ తర్వాత గుడ్డు పెడితే అది పేలి పక్కవాడి ముఖాన పడిందంటారు. ఈ స్పెన్సర్ హైస్కూలు గడప కూడా తొక్కలేదు. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ పేరు రాడారేంజ్. ఎత్తు దాదాపు ఆరడుగులు, బరువు 340 కిలోలు. అది బల్లమీదికెక్కి మామూలు వంటింట్లోకి రావడానికి 1967 దాకా పట్టింది.

*

ఆ గుడ్డు పాఠం మనం ఇంకా నేర్చుకోలేదు. పెంకు తీసిన ఉడికిన గుడ్డు కూడా పేలుతుంది. ఒక్కోసారి లోపల కాదు, బయటికి తీసి కొరికాక పేలుతుంది. సొన లోపల చిక్కుకున్న ఆవిరి అదను కోసం చూస్తుంటుంది మరి. పచ్చడికని వంకాయ మొత్తంగా పెట్టినా, చిలగడదుంప పెట్టినా ఇంతే. చాకుమొనతో నాలుగుచోట్ల గాట్లు పెట్టాలి. గుత్తివంకాయకి ఎలాగూ పెడతాం కదా, అలాగే.

*

ఓవెన్‌లో తరంగం పొడవు దాదాపు 12.2 సెంటీమీటర్లు. మచిలీపట్నంలో, విశాఖపట్నంలో తుపాన్లను కనిపెట్టే వాతావరణశాఖ రాడార్ల తరంగం దాదాపు 10 సెంటీమీటర్లు. ఒకే కుటుంబం, ఒకరు పప్పు వేడి చేస్తారు, ఒకరు తుపాను కన్ను ఎక్కడుందో చెబుతారు. జీడిమెట్లకు కొద్ది దూరంలో ఉన్న బొల్లారం పారిశ్రామికవాడలో అస్త్ర మైక్రోవేవ్ అని బోర్డు కనిపిస్తే ఓవెన్ల కంపెనీ అనుకునేరు. రాడార్లకు, ఉపగ్రహాలకు కావాల్సిన భాగాలు చేసే సంస్థ అది, 1991లో మొదలైంది.

*

తలుపు అద్దంలో చిల్లుల రేకు ఉంటుంది చూశారా, ఆ చిల్లు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. 12 సెంటీమీటర్ల తరంగం అందులోంచి దూరలేదు. వెలుగు తరంగం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు కాబట్టి హాయిగా వచ్చేస్తుంది. అందుకే మనకి పప్పు పొంగడం కనిపిస్తుంది, తరంగం మాత్రం లోపలే ఉండిపోతుంది. ప్రమాణాల ప్రకారం తలుపుకి 5 సెంటీమీటర్ల దూరంలో లీకేజీ చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదు. అరమీటరు వెనక్కి జరిగితే అది కూడా నూరోవంతుకి పడిపోతుంది. తలుపు వంగినా, అద్దం పగిలినా, కీలు వదులైనా, అంచుల్లో జిడ్డు గట్టిపడి తలుపు సరిగ్గా మూసుకోకపోయినా వాడటం ఆపేయాల్సిందే.

ఓవెన్‌లో సెల్‌ఫోన్ పెట్టి, తలుపు మూసి, ఇంకో ఫోన్‌తో రింగ్ చేసి లీకేజీ కనిపెట్టొచ్చని వాట్సాప్‌లో ఒక చిట్కా తిరుగుతోంది. ఫోన్ సిగ్నల్ తరంగాలు వేరు, అతి చిన్న సిగ్నల్‌ని కూడా ఫోన్ పట్టేస్తుంది. మంచి ఓవెన్‌లో కూడా రింగ్ కావొచ్చు. పైగా ఎవరో మరిచిపోయి స్టార్ట్ నొక్కితే ఫోనూ పోతుంది, ఓవెనూ పోతుంది.

సోవియట్ యూనియన్ 1976లో మైక్రోవేవ్‌లను నిషేధించిందన్నది ఆ వాట్సాప్‌లోనే తిరిగే ఇంకో కథ. దానికి ఆధారమేమీ లేదు.

*

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కి 1998 నుంచి అప్పుడప్పుడు అంతుపట్టని సంకేతాలు అందేవి. 2015లో దొంగ దొరికాడు. అబ్జర్వేటరీ వంటగదిలో, టైం అయ్యేదాకా ఆగలేక ఎవరో ఓవెన్ తలుపు లాగేసినప్పుడల్లా వచ్చే క్షణకాలపు తరంగం అది. ముందు స్టాప్ నొక్కి, తర్వాత తలుపు తీసే అలవాటుంటే ఖగోళశాస్త్రవేత్తలకి అన్నేళ్ల తలనొప్పి తప్పేది.

*

నాకు కిరణాలంటే భయం లేదు. భయమల్లా స్క్రూడ్రైవర్ అంటేనే. షాపూర్‌నగర్, చింతల్ వైపు లేత్ మిషన్ మీదా, మోటారు వైండింగ్ మీదా చెయ్యి తిరిగినవాళ్లు వీధికొకరు. ఫ్యాను, మిక్సీ, గ్రైండర్ ఏదైనా విప్పేస్తారు. ఓవెన్ జోలికి మాత్రం ఆ ధీమాతో పోకూడదు. లోపలి కెపాసిటర్‌లో 2,000 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకేసినా కొంతసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. మా పేటలో మెకానిక్ ఒకతను మూత విప్పగానే ముందు కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాతే "ఇప్పుడు చెప్పండి సార్, ఏమైంది?" అని అడుగుతాడు. అలాంటివాడి చేతికే ఇవ్వాలి.

తలుపు దగ్గర సాధారణంగా మూడు చిన్న స్విచ్చులుంటాయి. తలుపు తీసినా కరెంటు ఆపకుండా మొదటి స్విచ్చు అతుక్కుపోయిందనుకోండి, కాపలాగా ఉన్న ఇంకో స్విచ్చు కావాలనే షార్ట్ సర్క్యూట్ చేసి ఫ్యూజు కాల్చేస్తుంది. ఇంటిని కాపాడటానికి తన ఫ్యూజుని తానే కాల్చుకుంటుందన్నమాట. అందుకని ఫ్యూజు పోయిందని కొత్తది వేసి ఊరుకుంటే సరిపోదు, తలుపు స్విచ్చులు కూడా చూడమనండి.

*

ఓవెన్ లోపల, కుడిపక్క గోడకి, అట్టముక్కలాంటిది ఒకటి ఉంటుంది. బూడిదరంగులోనో, వెండిరంగులోనో తళుక్కుమంటుంది. ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేసినవాళ్లున్నారు. అది మైకా, మన అభ్రకం. మాగ్నెట్రాన్ నుంచి తరంగాలు లోపలికొచ్చే దారికి అది తెర. తరంగాలని పోనిస్తుంది, ఆవిరినీ తాలింపు చిటపటలనీ ఆపుతుంది. వేడికి చెక్కుచెదరదు.

మన నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకం గనులకు పేరుమోసిన చోటు. విద్యుత్తుని రానివ్వకుండా వేడిని తట్టుకునే ఈ రాయి పొరలు పొరలుగా, ఉల్లిపొర కంటే పల్చగా విడిపోతుంది. హోలీ గులాల్లో, గోడల రంగుల్లో తళుకు కూడా ఇదే.

మా ఇంట్లో ఒకసారి సాంబారు మూతపెట్టకుండా వేడి చేశాం. మైకా మీద పడిన చుక్కలు తుడవలేదు. నాలుగు రోజులకి ఆ చుక్కలున్న చోటే నల్లటి మచ్చ, ఆ మచ్చలోంచి నిప్పురవ్వలు. నూనె, ఉప్పు మాడి బొగ్గయితే తరంగాలన్నీ అక్కడే పోగుపడి ఇంకా మాడుస్తాయి. ఓవెన్ పోయిందనే అనుకున్నాం. మెకానిక్ మైకా షీటు ఒకటి తెచ్చి, పాతది పైన పెట్టి పెన్సిలుతో గీసుకుని, కత్తెరతో కోసి తగిలించాడు. అంతే, పదేళ్లు పనిచేసిన ఓవెన్ మళ్లీ మొదలైంది. ఓవెన్‌లో మెరుపులు కనిపిస్తే ముందు చూడాల్సింది ఆ మైకానే.

*

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్షతోటలు. ఇప్పుడు ఆ పందిళ్ల స్థానంలో ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు. ద్రాక్షపండుని సగానికి కోసి, రెండు చెక్కలూ తొక్కతో అంటిపెట్టుకుని ఉండేలా ఓవెన్‌లో పెడితే మధ్యలో మంటలాంటి ప్లాస్మా లేస్తుంది. ఎందుకో చాలాకాలం ఎవరికీ సరిగా తెలీదు. నీళ్లతో నిండిన ద్రాక్ష పరిమాణం, తనలోకి దూరాక కుంచించుకుపోయే తరంగాన్ని పట్టి ఉంచడానికి సరిగ్గా సరిపోతుందని, రెండూ తాకేచోట ఆ శక్తంతా పోగవుతుందని కెనడా శాస్త్రవేత్తలు 2019లో తేల్చారు. ఇంట్లో చేసి చూడొద్దు. పళ్లెం పగులుతుంది, పైకప్పు మాడుతుంది. ద్రాక్ష తినడానికే బాగుంటుంది.

*

జీడిమెట్ల పారిశ్రామికవాడ మందుల పరిశ్రమకి పేరు కదా. మందుల రసాయనశాస్త్రంలోకీ ఈ ఓవెన్ దూరింది. 1986లో రెండు బృందాలు మామూలు వంటింటి ఓవెన్లలోనే రసాయన చర్యలు చేసి, గంటల పని నిమిషాల్లో అయిందని ప్రకటించాయి. ఇప్పుడు ప్రయోగశాలలకి ప్రత్యేకమైన ఓవెన్లున్నాయి. పేలుడు ప్రమాదం ఉంది కాబట్టి వంటింటివి వాడరు.

*

స్టీలు గిన్నె సంగతి. కన్వెక్షన్ ఓవెన్ అమ్మేటప్పుడు "స్టీలు కూడా పెట్టొచ్చు" అంటారు. నిజమే, కన్వెక్షన్ బటన్ నొక్కినప్పుడు మాత్రమే. మైక్రో బటన్ నొక్కినా, రెండూ కలిపిన కాంబినేషన్ నొక్కినా పెట్టకూడదు. అమ్మమ్మ ఇచ్చిన బంగారు అంచు కప్పూ అంతే.

ప్లాస్టిక్ డబ్బాని తిరగేస్తే త్రికోణంలో అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, వేడిని కొంత ఓర్చుకుంటుంది. అయినా మైక్రోవేవ్ గుర్తు ఉంటేనే వాడాలి. 6 అంటే థర్మోకోల్ జాతి, వద్దు. మెలమైన్ ప్లేట్లూ వద్దు. మిర్చిబజ్జీలు పేపర్లో చుట్టి ఇస్తే ఆ పేపర్తోనే లోపల పెట్టేవాళ్లని చూశాను. అచ్చు సిరాలోని సీసం వంటివి తిండిలోకి చేరతాయని 2023లో ఆహార భద్రతా సంస్థ మరోసారి హెచ్చరించింది. పేపర్ అంటుకునే ప్రమాదం సరేసరి.

*

నిప్పు కన్నా నీళ్లు ప్రమాదం. నున్నటి కప్పులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఒక్కోసారి ఒక్క బుడగ కూడా రాదు. కాగలేదనుకుని చెంచాడు కాఫీపొడి వేస్తాం. ఒక్కసారిగా ముఖంమీదికి ఎగజిమ్ముతుంది. ముందే ఒక చెక్కపుల్ల వేసి పెట్టండి, ఆగాక అర నిమిషం తలుపు తీయకండి. పసివాళ్ల పాలసీసా మాత్రం ఓవెన్‌లో పెట్టొద్దు. సీసా చల్లగా ఉన్నా మధ్యలో పాలు నోరు కాలేంత వేడిగా ఉండొచ్చు. వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు.

రాత్రంతా బయటే ఉన్న అన్నాన్ని పొద్దున ఓవెన్‌లో పెట్టి పొగలు వచ్చేలా చేస్తే మంచిదైపోదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి అన్నంలో వదిలే ఒక విషం వేడికి నశించదు. వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి.

*

వేసవి సాయంత్రం బోరు మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే వోల్టేజీ పడిపోతుంది, అదే పప్పుకి అదే 2 నిమిషాలు చాలవు. ఓవెన్‌కి ఎర్తింగ్ ఉన్న పవర్ ప్లగ్గే వాడాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు కాదు. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. ఖర్చంటారా, 1,200 వాట్ల ఓవెన్ 5 నిమిషాలు తిరిగితే యూనిట్‌లో పదోవంతు. గడియారం వెలుగుకి 2 వాట్లనుకుంటే ఏడాదికి పదిహేడున్నర యూనిట్లు. ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపేస్తే ఆ డబ్బు మిగులుతుంది, వెచ్చటి గడియారం వెనక కాపురం పెట్టే బొద్దింకలకీ ఇల్లు కరువవుతుంది.

శుభ్రం చేయడానికి గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్కలు వేసి 3 నిమిషాలు కాచి, 5 నిమిషాలు మూసి ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. పీచు, చాకు వద్దు. లోపల ఏమీ లేకుండా ఆన్ చేయొద్దు. బటన్లు నొక్కే పిల్లలున్న ఇంట్లో లోపల ఒక గ్లాసు నీళ్లు ఉంచడం మంచిది.

*

ఓవెన్ ఆయుష్షు తీరాక పాతసామాన్ల బండికి వేసేయకండి. రాగి కోసం దాన్ని సుత్తితో పగలగొడతారు. కొన్ని మాగ్నెట్రాన్లలోని పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో మైక్రోవేవ్ ఉంది, పాతవాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. బండివాడికి కేకేసే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒక్క ఫోన్ చేయండి.