రేకుల పాకకు గడ్డి కప్పు

వేసవిలో ఐసు అమ్మువారు గడ్డలను ఊకలోనో, రంపపు పొట్టులోనో కప్పియుంచుట మీరు చూచియే యుందురు. ఊకకు చల్లదన మెక్కడిది? లేదు. అది బయటి వేడిని లోనికి పోనీయదు, అంతే. వేడి ఒకచోటి నుండి మరొకచోటికి ప్రాకకుండ అడ్డుపడుటనే ఇన్సులేషన్ అందురు. పొట్టు సందులలో చిక్కుకొని కదలక నిలిచిన గాలియే ఈ పని చేయును. నిలిచిన గాలి వేడిని చాల నెమ్మదిగ దాటనిచ్చును. ఇనుము వెంటనే దాటించును. గరిటకు కట్టెపిడి వేయుట ఇందుకే.

పూర్వము పశువులకు తాటాకు పాకలు, రెల్లు పాకలు ఉండెడివి. ఇప్పుడు అనేకులు ఇనుప రేకులు వేయించుచున్నారు. ఏటేట నేత ఖర్చు తప్పినమాట నిజమే. కాని మధ్యాహ్నమున రేకు కాలి, ఆ వేడి క్రిందనున్న పశువుపై పడును. గేదెకు ఒళ్ళు నలుపు, వెంట్రుకలు పలుచన, చెమట గ్రంథులు ఆవుకన్న తక్కువ. వేడికి తాళలేక రొప్పును, మేత తగ్గించును, పాలు తగ్గును. ఎదకు వచ్చినను లక్షణములు సరిగ కనబడక చూలు కట్టించు అదను తప్పిపోవును.

కనుక మార్చి నెలలోనే రేకులపై వరిగడ్డిని జానెడు మందమున పరచి, పైన వెదురు బద్దలు వేసి తాళ్ళతో కట్టుడు. గాలికి ఎగిరిపోనంత బిగువు చాలును, త్రొక్కి అణచకుడు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక రైతుచే గడ్డిని బాగుగ త్రొక్కించి, నీరు కూడ చల్లించితిని. తడి ఆరునంతసేపు పాక చల్లగనే యుండెను. కొలది దినములలో గడ్డి ముద్దయి కుళ్ళెను, సందులలోని గాలి పోయెను, గేదెలు మరల రొప్పసాగినవి. తప్పు నాది, గడ్డి అతనిది.

గడ్డితోపాటు నిప్పు భయమును వచ్చును. పాక దగ్గర పొయ్యి, చుట్ట నిప్పు, అతుకుల కరెంటు తీగ ఉండరాదు. సిమెంటు రేకులపైకి మనిషిని ఎక్కనీయకుడు, విరిగి క్రింద పడును. వానలకు ముందే గడ్డి తీసివేయుడు. తడిగడ్డి క్రింద ఇనుప రేకు త్రుప్పు పట్టును.

గడ్డి చాలనివారు రేకుపై చిక్కని సున్నము కొట్టవచ్చును. అది ఇన్సులేషన్ కాదు, ఎండను తిప్పికొట్టు ఉపాయము. ఏది చేసినను పాక ప్రక్కలు మూయకుడు. కప్పు ఎండవేడిని ఆపును గాని, పశువు ఒంటి వేడిని తీసికొనిపోవునది గాలియే.

నమ్మకము చాలనిచో ముందు సగము పాకకే గడ్డి వేయుడు. మధ్యాహ్నము రెండు గంటలకు లోన నిలువబడి, రేకును తాకక, రెండు ప్రక్కలను చేయి పైకెత్తి చూడుడు.